మారేడుమిల్లికి ఏ దారిన వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి మారేడుమిల్లి వెళ్లడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొన్న మే నెలలో ఈ రెండిట్లో ఏది అనే దానిమీద మా ఇంట్లో నాలుగు రోజులు గొడవ జరిగింది. నాన్నకి హైవే కావాలి. అమ్మకి ఘాట్ రోడ్డు అంటే కడుపులో తిప్పడం. తాతయ్యకి ఆ ఘాట్ రోడ్డే కావాలి, ఇంకేదీ వద్దు. చివరికి నాన్న నామీద పడేశాడు. "నువ్వు చెప్పవే, అదేదో దారులు వెతికే సబ్జెక్టు చదువుతున్నావుగా!"

నిజమే, మూడో సెమిస్టర్‌లో చదివాం. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ఒక నిజమైన కారు, అందులో నలుగురు మనుషులు, మే నెల ఎండ, వీటి ముందు ఆ సబ్జెక్టు ఎంతవరకు పనికొస్తుందో అప్పుడే తెలిసింది. అది చెప్పడానికే ఈ వ్యాసం. (నేను పదో తరగతి దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఇంత పొడవు తెలుగులో రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ సీనియర్లు దిద్దుతామన్నారు.)

ముందు మేం వెళ్లాలనుకున్న చోటు గురించి. పాపికొండ నేషనల్ పార్క్ 1978లో అభయారణ్యంగా మొదలై 2008లో నేషనల్ పార్క్ అయింది. విస్తీర్ణం 1,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. నేషనల్ పార్క్ అనగానే మనకి గేటు, టికెట్టు, జీపు సఫారీ, పులి కోసం బైనాక్యులర్స్ గుర్తొస్తాయి. ఇక్కడ ఆ పద్ధతి కాదు. తూర్పు కనుమల్లోంచి గోదావరి కొండల్ని చీల్చుకుని వచ్చే చోటు ఇది. చూడాల్సింది నదిని, కొండల్ని, ఆ అడవి పక్కగా పోయే రోడ్లని. అడవిదున్నలు, చిరుతలు ఉన్నాయి గానీ అవి మనకి కనిపించాలని ఏ రూలూ లేదు. కాబట్టి ఇలాంటి చోటుకి వెళ్తున్నప్పుడు దారి అనేది అక్కడికి చేర్చే సాధనం మాత్రమే కాదు, చూడాల్సిన దాంట్లో సగం అదే. మారేడుమిల్లి ఆ అడవి అంచున ఉన్న ఊరు. బొంగులో చికెన్ వల్ల కొంత, 'పుష్ప' షూటింగ్ వల్ల కొంత ఇప్పుడు అందరికీ తెలిసింది.

ఇక రెండు దారులు. మొదటిది విజయవాడ మీదుగా. సూర్యాపేట, కోదాడ, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరిగి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. సుమారు 515 కిలోమీటర్లు. రెండోది భద్రాచలం మీదుగా. సూర్యాపేట దగ్గర విడిపోయి ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు, అక్కణ్ణుంచి ఘాట్ ఎక్కి మారేడుమిల్లి. సుమారు 435 కిలోమీటర్లు. దూరంలో 80 కిలోమీటర్లు తేడా ఉన్నా టైం మాత్రం రెండింటికీ మా లెక్కలో పది గంటలే. ఎందుకంటే చింతూరు నుంచి మారేడుమిల్లి దాకా ఉన్న ఆ 60 కిలోమీటర్లకే దాదాపు రెండు గంటలు పడుతుంది. మలుపులు అలాంటివి.

తాతయ్య ఆ మలుపుల్లో 22 ఏళ్లు బస్సు నడిపాడు. రాజమండ్రి నుంచి భద్రాచలం సర్వీసు, పొద్దున పోయి మర్నాడు రావడం. రిటైరై చాలా కాలమైంది, ఇప్పుడు మాతో హైదరాబాద్‌లోనే ఉంటున్నాడు. రెండేళ్ల క్రితం ఆయనకి గ్లకోమా అని తేలింది. మన వైపు నీటికాసులు అంటారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపుని మెదడుకి మోసే నరం మెల్లగా దెబ్బతింటుంది. చుక్కలు వేసుకుంటే ఉన్న చూపు నిలబడొచ్చు, పోయింది మాత్రం వెనక్కి రాదు. ముందు పక్కచూపు పోతుంది. మనిషి ఎదురుగా ఉంటే కనిపిస్తాడు, పక్కన నిలబడితే కనిపించడు. ఏప్రిల్‌లో డాక్టర్ గారి దగ్గర్నుంచి వచ్చాక తాతయ్య ఒకటే మాట అన్నాడు. "ఒకసారి ఆ ఘాట్ చూసొద్దాంరా." నాన్నతో అన్నాడు గానీ అందరం విన్నాం.

సరే, అల్గారిథం దగ్గరికి వద్దాం.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఊరి పేరు కొడితే నీలం గీత ఎలా వస్తుంది? ఊళ్లని, కూడళ్లని చుక్కలనుకోండి. రోడ్లని ఆ చుక్కల మధ్య గీతలనుకోండి. ఒక్కో గీతకి ఒక అంకె ఉంటుంది, దాన్ని బరువు అంటాం. సాధారణంగా ఆ బరువు అంటే ఆ రోడ్డు దాటడానికి పట్టే టైం. ఇప్పుడు బయల్దేరిన చుక్క నుంచి చేరాల్సిన చుక్క దాకా బరువుల మొత్తం అతి తక్కువ వచ్చే దారి వెతకాలి. దీనికి అందరూ మొదట నేర్చుకునే పద్ధతి డైక్‌స్ట్రా అల్గారిథం. ఎడ్స్‌హర్ డైక్‌స్ట్రా అనే నెదర్లాండ్స్ ఆయన 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తను పెళ్లి చేసుకోబోయే అమ్మాయితో షాపింగ్‌కి వెళ్లి, అలిసిపోయి ఒక కాఫీ షాపులో కూర్చున్నప్పుడు 20 నిమిషాల్లో, కాగితం పెన్ను లేకుండా దీన్ని ఆలోచించాడు. అప్పుడాయన వయసు 26. 1959లో అచ్చయింది. మొదట దాన్ని ఒక కొత్త కంప్యూటర్ గొప్ప చూపించడానికి నెదర్లాండ్స్‌లోని 64 ఊళ్ల మధ్య దారులు వెతకడానికి వాడారు. మనం ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రోజు చెమటలు పట్టి రాసే ప్రోగ్రామ్ ఇదే.

పద్ధతి చాలా సింపుల్. బయల్దేరిన ఊరి నుంచి మొదలుపెట్టి, ఇంతవరకు తెలిసిన దారుల్లో అన్నిటికంటే తక్కువ టైంలో చేరగల ఊరిని ఎంచుకుంటావు. ఆ ఊరి లెక్క ఖరారు, ఇక మారదు. అక్కణ్ణుంచి పక్క ఊళ్లకి ఇంకా తక్కువలో వెళ్లగలమేమో చూసి అంకెలు సవరిస్తావు. మళ్లీ మిగిలినవాటిలో అతి తక్కువ ఉన్నదాన్ని ఎంచుకుంటావు. ఇలా చేరాల్సిన ఊరు ఖరారయ్యేదాకా. (నిజం మ్యాప్ యాప్‌లు ప్రతిసారీ దేశం మొత్తం మీద ఇలా నడపవు. ముందే పెద్ద రోడ్ల మధ్య అడ్డదారులు లెక్కేసి పెట్టుకుంటాయి. అయినా వెనకున్న ఆలోచన ఇదే.)

ఇందులో కిటుకంతా బరువులోనే ఉంది. యాప్‌కి మనం ఎప్పుడూ "అందమైన దారి" అని అడగలేదు, తొందరగా చేర్చమనే అడిగాం. అది అడిగిందే ఇస్తోంది. కాబట్టి అల్గారిథం మార్చక్కర్లేదు, బరువులు మారిస్తే చాలు అనుకున్నా. 23 ఊళ్లు, 31 రోడ్లతో ఒక గ్రాఫ్ తయారు చేశా. టైం అనేది ఖర్చు, అందం అనేది లాభం. కాబట్టి టైంలోంచి అందాన్ని తీసేద్దాం అనుకున్నా. ఘాట్ రోడ్డుకి 120 నిమిషాలు టైం. అందానికి తాతయ్యని మార్కులు అడిగితే "నూటికి నూట యాభై" అన్నాడు. సరే, 120లోంచి 150 తీసేస్తే మైనస్ 30. భలే ఉంది అనుకుని రన్ చేశా.

డైక్‌స్ట్రా తప్పు జవాబు ఇచ్చింది. ఎందుకో మన క్లాసు గుర్తున్నవాళ్లకి తెలిసిపోయి ఉంటుంది. ఒక ఊరి లెక్క ఖరారయ్యాక మళ్లీ తగ్గదు అనే నమ్మకం మీదే ఆ పద్ధతి నిలబడింది. బరువుల్లో మైనస్ వస్తే ఆ నమ్మకం పోతుంది, తర్వాతెప్పుడో వచ్చే మైనస్ రోడ్డు ముందు ఖరారు చేసినదాన్ని తగ్గించేయగలదు. మైనస్‌లకి బెల్‌మన్-ఫోర్డ్ వాడాలి అన్నారు కదా అని అది రాశా. అది ఇంకో మాట చెప్పింది, నెగటివ్ సైకిల్ ఉందని.

అంటే ఏంటి? చింతూరు నుంచి మారేడుమిల్లి వెళ్తే మైనస్ 30. మారేడుమిల్లి నుంచి చింతూరు వెనక్కి వస్తే ఇంకో మైనస్ 30. ఒకసారి వెళ్లి వస్తే మైనస్ 60. రెండుసార్లయితే మైనస్ 120. ఎన్నిసార్లు తిరిగితే అంత తక్కువ ఖర్చు. అప్పుడు అతి తక్కువ ఖర్చు దారి అంటూ ఏదీ ఉండదు, ఘాట్ మీద పైకీ కిందకీ అలా తిరుగుతూనే ఉండాలి, హైదరాబాద్ రానే అక్కర్లేదు.

ఇది తాతయ్యకి వివరించా. చాలాసేపు నవ్వాడు. "మరి నేను 22 ఏళ్లు చేసిందదే కదే అమ్మడూ!"

దీనికి విరుగుడు సులువే. అందాన్ని తీసివేయకూడదు, గుణించాలి. బాగున్న రోడ్డు మీద నిమిషం అర నిమిషంలా గడుస్తుంది, విసుగు రోడ్డు మీద నిమిషం నిమిషంలాగే ఉంటుంది. ఘాట్‌కి సగం పెడితే 120 నిమిషాలు 60 అవుతాయి. ఎంత అందమైనా సున్నా కంటే పైనే ఉంటుంది కాబట్టి డైక్‌స్ట్రా హాయిగా పనిచేస్తుంది. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి దాకా 135 నిమిషాలకి 0.7 పెట్టా, మిగతా హైవేలకి 1. అప్పుడు విజయవాడ దారి 600 నుంచి సుమారు 560కి దిగింది, భద్రాచలం దారి 600 నుంచి 540కి దిగింది. భద్రాచలం గెలిచింది, 20 నిమిషాల తేడాతో.

ఈ అంకెలు ఎవరిచ్చారు? నేనే. 0.7 బదులు 0.5 పెడితే విజయవాడ దారి గెలుస్తుంది. అంటే నాకు నచ్చిన జవాబు వచ్చేలా అంకెలు పెట్టుకుని, దాన్ని కంప్యూటర్ చెప్పింది అని నాన్నకి చూపిస్తున్నానన్నమాట. నాన్న ఈ విషయం రెండు నిమిషాల్లో పట్టేశాడు, కామర్స్ చదివిన మనిషి. 2014లో యాహూ ల్యాబ్స్ వాళ్లు లండన్ వీధుల మీద ఇలాంటి పని పద్ధతిగా చేశారు. రెండేసి వీధుల ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఏది అందంగా ఉందో చాలామందిని అడిగి, ఆ ఓట్లతో బరువులు కట్టారు. అతి దగ్గర దారి కంటే కాస్త పొడవైన, కానీ చాలా అందమైన నడకదారులు దొరికాయి. మంచి ఆలోచనే. కానీ వందమంది ఓట్ల సగటు మా తాతయ్య కళ్లకి పనికిరాదు. అది నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు సాయంత్రం తాతయ్యని బైక్ మీద ట్యాంక్‌బండ్ తీసుకెళ్లా. నీళ్లు ఎడమ పక్కన. "ఎంత బాగుందో చూడు తాతయ్యా" అన్నా. ఆయన రోడ్డుకేసి చూస్తూ "ఏదే?" అన్నాడు. తల పూర్తిగా తిప్పితే తప్ప పక్కనున్నది ఆయనకి లేదు. ఆ రాత్రి నా గ్రాఫ్‌ని మళ్లీ మొదటినుంచి చూసుకున్నా.

మనం అందమైన దారి అంటే సాధారణంగా కిటికీలోంచి కనిపించేది. కాలువ పక్కన రోడ్డు, కొబ్బరి తోట పక్కన రోడ్డు. తాతయ్యకి అవన్నీ సున్నా. ముందు అద్దంలోంచి కనిపించేదే ఆయన లోకం. అలా చూస్తే రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన కంటే ఘాట్ రోడ్డు ఎన్నో రెట్లు గొప్పది, ఎందుకంటే వంతెన మీద నది రెండు పక్కలా ఉంటుంది, ఎదురుగా తారురోడ్డే. ఘాట్‌లో మాత్రం ప్రతి మలుపులో కారు ముక్కు తిరుగుతుంటే లోయ, కొండ, చెట్లు అద్దం ముందుకు వచ్చి పోతుంటాయి. తల తిప్పే పని రోడ్డే చేసి పెడుతుంది. అమ్మకి తల తిరిగేదీ అందుకే అనుకోండి.

ఇంకోటి వెలుగు. గ్లకోమా ఉన్నవాళ్లకి ఎదురెండ చాలా ఇబ్బంది. వెలుగులోంచి నీడలోకి, నీడలోంచి వెలుగులోకి మారినప్పుడు చూపు సర్దుకోడానికి టైం పడుతుంది. అంటే అదే రోడ్డు, ఏ దిక్కున వెళ్తున్నామో, ఏ గంటకి వెళ్తున్నామో దాన్ని బట్టి ఆయనకి 150 మార్కులు కావచ్చు, సున్నా కావచ్చు. మారేడుమిల్లి నుంచి చింతూరు పడమర దిక్కున, కాస్త ఉత్తరంగా ఉంటుంది. పొద్దున్నే అటు వెళ్తే సూర్యుడు వెనక ఉంటాడు, ఎదురుగా కొండల మీద పడిన వెలుగు మెత్తగా కనిపిస్తుంది. అదే పొద్దున చింతూరు నుంచి మారేడుమిల్లి వస్తే ఎండ సూటిగా కళ్లలోకి. క్లాసులో గీతకి బాణం గుర్తు ఎందుకు పెడతారా అనుకునేదాన్ని, వన్‌వే రోడ్ల కోసమేమో అని. ఒకే రోడ్డు అటు ఒక బరువు, ఇటు ఒక బరువు ఉండొచ్చని నాకు ఇలా అర్థమైంది.

బరువులు గంటని బట్టి మారడం కొత్త విషయమేమీ కాదు. కర్ణాటకలో బందీపూర్ నేషనల్ పార్క్ మధ్యలోంచి పోయే హైవేల మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మామూలు వాహనాల్ని పోనివ్వరు, జంతువులు గుద్దుకుని చనిపోతున్నాయని. పగలు ఉన్న గీత రాత్రి గ్రాఫ్‌లోంచి మాయమైపోతుంది. మైసూరు నుంచి ఊటీ వెళ్లాలనుకునేవాళ్లు 9 దాటాక గేటు ముందుకి చేరితే తెల్లారేదాకా వేరే దారే. మన ఘాట్ విషయంలో బోర్డు ఏం చెప్పినా చెప్పకపోయినా తాతయ్య రూలు ఒకటే, చీకటి పడ్డాక ఎక్కొద్దు. మలుపులో ఎదుటి బండి లైట్లు ముందే కనిపిస్తాయి కదా, రాత్రే నయం కదా అని నాన్న వాదించాడు. "లైట్లున్న బండి కనిపిస్తుందిరా. లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ ఎలా కనిపిస్తుంది?" అన్నాడు తాతయ్య. నాన్న దగ్గర జవాబు లేదు.

ఇంతకీ అసలు ప్రశ్నే తప్పుగా అడిగాం. ఏ దారి అని నాలుగు రోజులు కొట్టుకున్నాం. వెళ్లినవాళ్లం తిరిగి రావాలి కదా, రెండు దారుల్లోనూ వెళ్లొచ్చు. ప్రశ్న ఏ దారి కాదు, ఆ చుట్టు ఎటువైపు నుంచి తిరగాలి అనేది. అది తాతయ్య కళ్లు, పొద్దుటి సూర్యుడు కలిసి తేల్చేశాయి. పోయేటప్పుడు విజయవాడ, రాజమండ్రి. వచ్చేటప్పుడు ఘాట్, చింతూరు, భద్రాచలం. నాన్నకి హైవే దొరికింది. అమ్మకి ఘాట్ ఒక్కసారే, అదీ ఖాళీ కడుపుతో పొద్దున్నే.

ఎండాకాలంలో ఈ చుట్టు వేయాలనుకునేవాళ్లకి కొన్ని నిజాలు చెప్పాలి. రీల్స్‌లో చూసే పచ్చదనం, మబ్బులు వానల తర్వాతవి. మే నెలలో అడవి సగం మోడుగా ఉంటుంది. ఇక్కడి చెట్లు చాలావరకు ఎండాకాలానికి ఆకు రాల్చేవి. జలపాతాలు సన్నటి ధారలు. కొన్ని కొండవాలుల మీద పోడు కోసం కాల్చిన నల్లటి మచ్చలు కనిపిస్తాయి. మరి ఎందుకు వెళ్లాలి? ఆకులు లేనప్పుడు అడవి లోపలికి చూపు పోతుంది, కొండ ఆకారం తెలుస్తుంది. గోదావరి, శబరి తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. గోకవరం వైపు జీడిమామిడి, మామిడి. రోడ్డు పక్కన తాటి ముంజలు. భద్రాచలం వైపు తునికాకు కట్టలు ఎండబెట్టిన కల్లాలు. బీడీ ఆకు అదే. పచ్చదనమే కావాలంటే అక్టోబర్, నవంబర్‌లో వెళ్లండి. మాకు అక్టోబర్ దాకా ఆగే వీల్లేదు.

బోటు గురించి అందరూ అడుగుతారు. పాపికొండల మధ్యకి పడవ మీద వెళ్లడమే అసలు యాత్ర అనేవాళ్లున్నారు. 2019 సెప్టెంబర్‌లో వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి ఎంతోమంది పోయారు. అప్పటినుంచి అమ్మ ఆ మాట ఎత్తనివ్వదు. మేం ఎక్కలేదు, కాబట్టి దాని గురించి రాయను.

ఘాట్ నడపడం గురించి తాతయ్య నాన్నకి రెండు రోజులు క్లాసు తీసుకున్నాడు. అందులో ముఖ్యమైనది దిగేటప్పుడు గేరు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు పెట్టి దిగుతూ పోతే ప్యాడ్లు రాపిడికి వేడెక్కిపోతాయి, బాగా వేడెక్కాక వాటి పట్టు తగ్గుతుంది, సరిగ్గా కావాల్సినప్పుడే బ్రేకు పడదు. తక్కువ గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందనేవాడి బండి ఎక్కొద్దన్నాడు. రెండోది, ఇరుకు చోట దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలి, ఎందుకంటే వాలులో ఆగిన బండిని మళ్లీ పైకి కదిలించడం కష్టం. మూడోది హారన్. కనపడని మలుపు ముందు కొట్టాల్సిందే, అది మర్యాద లేకపోవడం కాదు. నావైపు నుంచి ఒక్కటి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మనం ఎక్కడున్నామో చెప్పేది ఉపగ్రహాలు, దానికి ఫోన్ సిగ్నల్ అక్కర్లేదు. ఫోన్‌లో మ్యాప్ బొమ్మ ఉంటే చాలు, నీలం చుక్క కదులుతూనే ఉంటుంది. పెట్రోలు గోకవరంలో గానీ రంపచోడవరంలో గానీ నింపుకుంటే కంగారుండదు.

తెల్లవారుజామున 4కి బయల్దేరాం. తూర్పుకి పోతున్నాం కాబట్టి సూర్యుడు ఎదురుగానే వచ్చాడు, అదీ సూర్యాపేట దగ్గరపడుతుండగా. నాన్న ఈ జోకు మూడుసార్లు వేశాడు. తాతయ్య కళ్లు మూసుకుని పడుకున్నాడు, అలాగే అని ముందే అనుకున్నాం. గుండుగొలను దగ్గర యాప్ దేవరపల్లి, కొవ్వూరు మీదుగా పొమ్మంది, అది తొందర. అమ్మ తణుకు, రావులపాలెం వైపు పోదామంది, అది పచ్చన. తాతయ్య పడుకునే ఉన్నాడు కాబట్టి అమ్మ మాటే నెగ్గింది. రాత్రికి గోకవరంలో తాతయ్య చెల్లెలి ఇంట్లో, మర్నాడు మారేడుమిల్లిలో.

మూడో రోజు పొద్దున ఆరున్నరకి ఘాట్‌లోకి దిగాం. తాతయ్య ముందు సీట్లో, నాన్న డ్రైవింగ్, అమ్మ చేతిలో నిమ్మకాయ. ఏసీ ఆపేసి అద్దాలు దించమన్నాడు తాతయ్య. మొదటి పావుగంట ఏమీ మాట్లాడలేదు. నాకు భయమేసింది, కనిపించట్లేదేమో అని. ఒకచోట నాన్న నెమ్మదిగా వెళ్తుంటే "హారన్" అన్నాడు. మాకెవరికీ మలుపు ఇంకా కనిపించలేదు. నాన్న కొట్టాడు. తిరిగేసరికి ఎదురుగా వెదురు లోడు లారీ, ఆగి ఉంది. అది ఆయన కళ్లతో చూసింది కాదు. రోడ్డు వాలు మారడం సీట్లో తెలుస్తుందట. ఆ తర్వాత వరసగా చెబుతూనే ఉన్నాడు. ఇక్కడ సెకండ్. ఇక్కడ వాగు, ఎండాకాలం కూడా తడి ఉంటుంది. ఇక్కడ కల్వర్టు దగ్గర రేడియేటర్‌కి నీళ్లు పట్టేవాళ్లం, కండక్టర్ బీడీ కాల్చుకునేవాడు. ఆ కల్వర్టు మాత్రం దొరకలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయి ఉంటుంది. రెండుచోట్ల దిగి వెతికాం.

చింతూరు నుంచి భద్రాచలానికి సూటిగా జాతీయ రహదారి ఉంది, లారీలు ఎక్కువ. మేం అటు కాకుండా శబరి పక్కగా వరరామచంద్రాపురం వైపు తిరిగి, వంతెన దాటి కూనవరం వెళ్లాం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. నా ప్రోగ్రామ్ ఈ దారిని ఒక్కసారి కూడా చూపించలేదు, ఎందుకంటే టైం ఎక్కువ, నేను దాని అందానికి మార్కులే వేయలేదు. నాకు తెలియదు కాబట్టి 1 అని వదిలేశా. తెలియని రోడ్డుకి 1 వేయడమంటే అది బాగోదని తేల్చేయడమే అని అక్కడ నిలబడితే అర్థమైంది.

ఈ కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాల్లో చాలా ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నాయి. 2014లో ఈ మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రాలో కలిసిందీ అందుకే. ప్రాజెక్టు పూర్తి స్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. అంత నీళ్లు నిలిపిన రోజున మేం వచ్చిన రోడ్డులో కొన్ని ముక్కలు నీళ్ల కింద ఉంటాయి. కిందివైపు దేవీపట్నం దగ్గర ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యి, జనం కొత్త కాలనీలకి వెళ్లిపోయారు. గ్రాఫ్‌లోంచి ఒక గీత చెరిపేయడం ఒక్క లైను కోడ్. కూనవరంలో టీ కొట్టు ఆయన్ని "మీ ఊరు కూడా పోతుందా?" అని తాతయ్య అడిగితే "ఎప్పుడో చెప్పట్లేదండి, అందుకే ఇంటికి సున్నం కూడా వేయించట్లేదు" అన్నాడు.

ఆ రాత్రి భద్రాచలంలో ఉండి, దర్శనం చేసుకుని, మర్నాడు 5 గంటలకే బయల్దేరాం, మధ్యాహ్నం దాకా ఎండ వెనకే ఉండేలా. పాల్వంచ దాటాక తాతయ్య నా ఫోన్ అడిగి, ఆ గ్రాఫ్ చూపించమన్నాడు. స్క్రీన్‌ని మొహానికి ఎదురుగా పట్టుకుని చింతూరు, మారేడుమిల్లి మధ్య గీత వెతుక్కున్నాడు. "ఇక్కడ ఒకే గీత పెట్టావు. మధ్యలో నేను చెప్పినవన్నీ చుక్కలు పెట్టాలి" అన్నాడు. ఇంటికొచ్చాక కూర్చుని పెట్టాం, ఆయన చెబుతుంటే నేను కొట్టా. మొత్తం 41 చుక్కలయ్యాయి. కల్వర్టు 17వది.